చర్మమునకు తెలిసే సంగతులు
(షోలాపురము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదిక మీద ప్రతి యేడూ పద్యములు చదివినవారున్నారు, పంచాంగము వినిపించినవారున్నారు. మాకు ఆ రెండును చేతకావు. మేము రైల్వే బుకింగు కిటికీ వెనుక కూర్చుండు గుమాస్తాలము. మా చదువు మెట్రిక్యులేషనుతో సరి. శాస్త్రవిషయము మీద నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు వెనుకాడిన మాట నిజమే. అయితే 2023 వేసవిలో మా యింట జరిగిన ఒక సంగతి వలన స్పర్శను గూర్చి దొరికిన పుస్తకమెల్లా చదువవలసి వచ్చినది, కనిపించిన డాక్టరునెల్లా అడుగవలసి వచ్చినది. అట్లు చదివినదీ, అడిగి తెలిసికొన్నదీ మీ ముందుంచెదము. పొరపాటులున్నచో సభలో డాక్టర్లున్నారు గనుక దిద్దుదురు గాక. ఆ యింటి సంగతి కూడ చెప్పెదము. కాని ముందు ఉగాది పచ్చడి.

ఇప్పుడే అందరమూ పచ్చడి పుచ్చుకొన్నాము. బెల్లము తీపి, చింతపండు పులుపు, ఉప్పు, వేపపువ్వు చేదు, మామిడిపిందె వగరు, మిరప కారము. వెరసి ఆరు రుచులని చిన్ననాటి నుండి వ్రేళ్ళు మడిచి చెప్పుచున్నాము. ఇందులో రెండు రుచులు కావు అన్నచో పెద్దలు కోపించుదురేమో. ఒక పరీక్ష చేయుడు. బెల్లపుగడ్డను అరచేతిలో ఎంతసేపు రుద్దినను చేతికి తీపి తెలియదు. వేపపువ్వు నలిపిన చేతికి చేదు తెలియదు. మరి మన శేంగా చట్నీ కోసము రోట మిరపకాయలు దంచిన చేయి ఎట్లుండును? రాత్రంతా మండును. చేతికి నాలుక లేదు గదా! అయినను కారము తెలిసినది.

నాలుక మీద రుచిమొగ్గలని కొన్ని కణముల గుంపులున్నవి. పచ్చడిలోని తీపి, పులుపు, ఉప్పు, చేదు ఈ నాలుగును వాటికి తెలియును. కారము వాటికి తెలియదు. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థము వేడిని, నొప్పిని పసిగట్టు నాడుల కొసలకు తగులును. ఆ నాడుల కొసలకు సన్నని తలుపుల వంటివి కొన్ని గలవు. సుమారు 43 డిగ్రీల సెల్సియసు వేడి తగిలినచో ఆ తలుపు తెరచుకొని "కాలుచున్నది" అను కబురు పోవును. అదే తలుపును కాప్సైసిన్ కూడ తెరచును. అందుచేత మిరపకాయ కొరికినవాడు "నోరు కాలిపోయింది" అనుట కవిత్వము కాదు; వాని నాడి వానికి అక్షరాలా ఆ మాటే చెప్పినది. ఈ తలుపును 1997లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుడు, ఆయనతో పనిచేసినవారును కనుగొన్నారు. తాంబూలములో వేయు పిప్పరమెంటు పువ్వు చల్లగా ఉండుటకు కారణము ఇట్టిదే. దానికి చలిని తెలుపు తలుపు వేరే ఉన్నది.

చిలుక మిరపపండ్లను చకచక తినుట చూచియే ఉందురు. పక్షుల తలుపునకు వేడి తెలియును గాని కాప్సైసిన్ తెలియదు. దాని ధైర్యమును మెచ్చుకొన పనిలేదు. కారము ఎక్కువైనప్పుడు చెంబెడు నీళ్ళు త్రాగి లాభములేదు, అది నీటిలో కరగదు. మన పెద్దలు పెరుగన్నము పెట్టినది సరియైన పని. పాలు, పెరుగులలోని మాంసకృత్తులు దానిని పట్టి తీసికొనిపోవును.

ఇక వగరు. పిందెలోని వగరు పదార్థము లాలాజలములోని జారుడును పట్టివేయును. నోరు గరుకైనట్లు, చర్మము ముడుచుకొన్నట్లు తోచును. దీనిని ప్రధానముగా స్పర్శ క్రిందనే లెక్కించు శాస్త్రజ్ఞులు అనేకులు. కనుక మన పచ్చడిలో నాలుగు పాళ్ళు నాలుకది, రెండు పాళ్ళు చర్మముది. షడ్రుచులను ఏర్పరచిన పెద్దలు తప్పు చేసినారని మా భావము కాదు. నోటిలో తెలిసిన దానినంతటిని వారు రుచి అన్నారు, అంతే.

నాలుకను విడిచి చేతికి వత్తము. ఒక్కొక్క అరచేయి, వ్రేళ్ళు కలిపి చూచినచో స్పర్శను మోయు నాడీతంతువులు సుమారు 17,000 ఉన్నవని లెక్క. వాటి కొసలు అన్నియు ఒక్క తీరుగా లేవు. కనుగొన్నవారి పేర్లే వాటికి పెట్టినారు. మెర్కెల్ కొసలు అదుమును, అంచును తెలిసికొనును; జేబులో చేయి పెట్టి చూడకయే రూపాయి బిళ్ళను, తాళపుచెవిని వేరుచేయుట వీటి పని. మైస్నర్ కణికలు వ్రేలిముద్రల గీతల క్రింద, చర్మపు పైపొరకు ఆనుకొని ఉండి, మెత్తని రాపిడిని, చేతిలోని వస్తువు జారుటను కనిపెట్టును. చేతిలోని గాజు గ్లాసు జారబోవునప్పుడు మనకు తెలియకముందే పట్టు బిగియును గదా, ఆ కబురు వీటిదే. రుఫీనీ కొసలకు చర్మము సాగుట తెలియును. నొప్పికి, వేడికి, చలికి, దురదకు మాత్రము ఏ తొడుగును లేని వట్టి నాడి కొసలే.

మా కొలువులో చూపుకన్న వ్రేలికే పని ఎక్కువ. నోట్లకట్టను లెక్కించునప్పుడు కన్ను కిటికీ అవతలి మనిషి మీద ఉండును, బొటనవ్రేలు కాగితము మీద ఉండును. దొంగనోటు వచ్చినచో ముందు వ్రేలే ఆగును. అంధుల కొరకు నోటు అంచున ఉబ్బెత్తు గీతలు వేసినారు, నూటికి నాలుగు, అయిదు వందలకు అయిదు. ఇంటికి పోయి కండ్లు మూసికొని తడవి చూడుడు. మన ఆడపడుచులలో బీడీలు చుట్టువారు చాలమంది ఉన్నారు. తునికాకు తడి చాలినదా, ఇంకను పెళుసుగా ఉన్నదా అని వారు కంటితో చూడరు. ముట్టుకొని ప్రక్కకు పెట్టుదురు. ఆ నేర్పునకు ఇంతవరకు ఎవరును పతకము ఇయ్యలేదు.

పాచినీ కణికలను గూర్చి కొంచెము ఎక్కువగా చెప్పవలెను. ఇవి చర్మము అడుగున లోతుగా ఉండును, పొడవు ఒక మిల్లీమీటరు వరకు. కోసి చూచినచో ఉల్లిగడ్డవలె పొరలు పొరలు. నిలుకడగా అదిమినచో వీటికి లెక్కలేదు. కంపము వీటికి కావలెను. సెకనుకు 200, 300 సార్లు అదరు కంపమును ఇవి అన్నిటికన్న బాగుగా పట్టును. మా మామగారు ముప్పది యేండ్లకు పైగా మరమగ్గముల షెడ్డులో పనిచేసినారు. ఆ చప్పుడులో చెవి పనికిరాదు. అయినను నాలుగు మగ్గముల నడుమ నిలుచుండి, వెనుకనున్న మగ్గము అదురు మారినదని అరికాలితో తెలిసికొని తిరిగి చూచెడివారు. ఈ సంగతి గుర్తుంచుకొనుడు, మరల దీనితో పని ఉన్నది.

ఒంటి మీద అన్నిచోట్ల స్పర్శ ఒక్క తీరుగా ఉండదు. 1834లో వేబర్ అను జర్మను పండితుడు కంపాసు రెండు మొనలతో దీనిని కొలిచి చూపినాడు. మన ఇండ్లలో తలపిన్ను చాలును. దానిని వంచి రెండు మొనలను రెండు మూడు మిల్లీమీటర్ల ఎడముగా పెట్టి, కండ్లు మూసికొన్నవాని వ్రేలికొసకు తాకించుడు. "రెండు" అనును. అదే పిన్నును వీపునకు తాకించుడు, "ఒకటే" అనును. వీపు మీద సుమారు నాలుగు సెంటీమీటర్ల ఎడము ఉన్నగాని రెండని తెలియదు. పిల్లలు దీనిని ఆటగా ఆడుకొనవచ్చును, గట్టిగా గుచ్చకుండ పెద్దలు చూచుకొనవలెను. అంధులు చదువు బ్రెయిలు లిపిలో చుక్కకు చుక్కకు నడిమి దూరము సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. వ్రేలికొసకు తెలియగలిగిన హద్దున ఆ లిపి నిలిచినది. వీపుతో చదువవలసి వచ్చినచో ఒక్కొక్క అక్షరము అప్పడమంత కావలసివచ్చును.

కెనడాలోని మాంట్రియాలులో పెన్‌ఫీల్డ్ అను శస్త్రవైద్యుడు 1930ల నాటి నుండి, మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నని విద్యుత్తుతో తాకుచు, "ఎక్కడ తెలిసినది?" అని అడిగి పటము గీసినాడు. ఆ పటములో పెదవులకు, వ్రేళ్ళకు దక్కిన చోటు వీపుకంతటికిని కలిపి దక్కలేదు.

ఇంకొక చిత్రము. ప్రొద్దున చొక్కా తొడిగికొన్నప్పుడు బట్ట తగిలినట్లు తెలియును; పావుగంటలో చొక్కా ఉన్న సంగతే మరుతుము. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకొని ఇల్లంతా వెదకినవారు ఈ సభలో ఉన్నారు, పేరు చెప్పము. మారని కబురును కొన్ని గ్రాహకములు వెంటనే ఆపివేయును. లేకున్న ఉంగరము, మొలత్రాడు, చెప్పులు, కూర్చున్న కుర్చీ, అన్నియు దినమంతా అరచుచుండగా, ప్రాకుచున్న చీమ మాట ఎవరు విందురు? అయితే నొప్పి మాత్రము ఇట్లు తొందరగా ఊరుకొనదు.

ఈ కబురులు పోవు మార్గమును గూర్చి మావంటివారు మాట్లాడవచ్చును గనుక చెప్పుచున్నాము. నాడిలో పోవునది తంతి కబురు వంటిది. 1926లో కేంబ్రిడ్జిలో ఎడ్గార్ ఏడ్రియన్ ఒక్కొక్క నాడీతంతువులో పోవు కబురును పట్టి విన్నాడు. మెల్లగా తాకినను, గట్టిగా అదిమినను ఒక్కొక్క తట్టు ఒక్కటే పరిమాణము. గట్టిగా అదిమినచో తట్లు దగ్గర దగ్గరగా వచ్చును, అంతే. పూర్వపు స్టేషను మాస్టర్లు కట్ట-కడ అని వినినట్లే మెదడు వినుచున్నది. ఏ తీగ మీద వచ్చినదో దానిని బట్టి ఇది స్పర్శ, ఇది వేడి అని తెలియవలెను.

అన్ని తీగలకును ఒకే వేగము లేదు. స్పర్శను మోయు తంతువులు లావైనవి, వాటి మీద క్రొవ్వుతో కూడిన తొడుగు దట్టముగా చుట్టి ఉండును. వాటి వేగము సెకనుకు 35 మొదలు 75 మీటర్ల వరకు. 50 అనుకొన్నచో గంటకు 180 కిలోమీటర్లు, మన బండ్లలో ఏదియు దినమూ పరుగెత్తని వేగము. చురుకైన నొప్పి సన్నని తంతువులలో సెకనుకు 5 మొదలు 30 మీటర్లు పోవును, అది ప్యాసింజరు. మంట, సలుపు మాత్రము తొడుగులేని తంతువులలో సెకనుకు అర మీటరు మొదలు రెండు మీటర్లు, అనగా మనిషి నడకయే. చీకటిలో మంచపుకోడు కాలివ్రేలికి కొట్టుకొన్నప్పుడు గమనింపుడు. తగిలినదని ముందు తెలియును, వెంటనే చురుక్కుమనును, ఇక సలుపు వచ్చునని తెలిసి ఒక క్షణము పండ్లు బిగబట్టి ఉందుము. ఆ క్షణము గూడ్సుబండి కోసము కాచికొన్న క్షణము.

కాలినప్పుడు మెదడు ఉత్తరువు కొరకు కూడ కాలు ఆగదు. కబురు వెన్నుపాము వరకు రాగానే అక్కడనుండియే "ఎత్తు" అను ఆజ్ఞ తిరిగి పోవును. కాలు ఎత్తిన పిమ్మట మనకు తెలియును.

వేడికి తలుపు దొరికినది సరే, వట్టి స్పర్శ, అదుము, వీటికి తలుపు ఏది అని చాలకాలము తెలియలేదు. దానిని కనుగొన్నది ఆర్డెమ్ పటపూటియన్. లెబనానులో బీరూటులో ఆర్మీనియను కుటుంబమున పుట్టి, అచ్చటి యుద్ధకాలములో పడుచువయసున 1986లో అమెరికా చేరినవాడు. ఊరు విడిచి వచ్చినవారి సభ గనుక ఈ మాట చెప్పితిమి. ఆయనయు, ఆయనతో పనిచేసిన బెర్ట్రాండ్ కోస్ట్ అను శాస్త్రజ్ఞుడును, సన్నని గాజుగొట్టపు మొనతో పొడిచినచో విద్యుత్తు పుట్టించు కణములను తీసికొని, అనుమానమున్న 72 జన్యువులను ఒక్కొక్కటిగా నోరుమూయించి చూచినారు. ఒకటి తరువాత ఒకటి, ఏమియు మారలేదు. డెబ్బదిరెండవదానిని ఆపినప్పుడు కణము పొడిచినను ఉలుకలేదు. 2010లో దానిని ప్రకటించి, ఒత్తిడి అను అర్థము గల గ్రీకు మాటనుండి పియెజో అని పేరిడినారు. దాని తోబుట్టువైన రెండవ పియెజోయే మన స్పర్శకు ముఖ్యము. అది పుట్టుకతో లేనివారు కండ్లు మూసికొన్నచో తమ చేయి ఎక్కడ ఉన్నదో చెప్పలేరు, చీకటిలో నిలువలేరు. జూలియస్, పటపూటియన్‌లకు కలిపి 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చినది.

ఇక ఇంటి సంగతి.

మా మామగారికి చక్కెర జబ్బు వచ్చి అప్పటికి పదకొండేండ్లు. మాత్రలు ఒకనాడు వేసికొని రెండునాళ్ళు మరచెడివారు. మొదట రాత్రులందు అరికాళ్ళు మండుచున్నవనెడివారు. అత్తగారు తైలము రాచెడిది. ఒక యేడాదికి మంట తగ్గిపోయినది. తైలము పనిచేసినదని అందరమూ సంతోషించి నలుగురికి ఆ తైలము పేరు చెప్పినాము కూడ. పిమ్మట ఆయన "దూది మీద నడిచినట్లుంది" అనెడివారు. దినమంతా దూదిలో, నూలుపొట్టులో తిరుగువాడు అట్లనుట హాస్యమని నవ్వినాము. రెండు మారులు ఒక చెప్పుతోనే ఇంటికి వచ్చినారు. రెండవది దారిలో జారినది తెలియలేదు. పరాకు మనిషి అని దానికిని నవ్వినాము. ఈ నడుమ మగ్గములకు వెనుకటి అదురు లేదని, కొత్త యంత్రములు మంచివని అనెడివారు. యంత్రములు మారలేదు.

2023 మే నెలలో ఒక గుడిలో బంధువుల మొక్కుబడి. మిట్టమధ్యాహ్నము, షోలాపురపు ఎండ మీకు చెప్ప పనిలేదు. ప్రాంగణములోని బండలు పెనమువలె ఉన్నవి. మేమందరము తడిగోనె మీదనుండి నీడకు, నీడనుండి గోనెకు గంతులు వేయుచుంటిమి. మా మామగారు మాత్రము కలశము పట్టుకొని వట్టి కాళ్ళతో మూడు చుట్లు నింపాదిగా తిరిగి, పూజారి కోసము బండ మీదనే నిలుచున్నారు. నీడకు రమ్మంటే, "మగ్గం కాడ నిలబడ్డ కాళ్ళు అల్లుడా ఇవి, గింత ఎండకు కాల్తయా?" అన్నారు. మా పిల్లలకు ఆయనను చూపి, "చూడండిరా, నిష్ఠ అంటే అది" అని చెప్పినది మేమే.

ఆ రాత్రి నేల మీద తడి అడుగులు చూచి, ఎక్కడి నీళ్ళని అత్తగారు దీపము వేసినది. అవి పగిలిన బొబ్బల నీళ్ళు. రెండు అరికాళ్ళును పొక్కి ఉన్నవి. నొప్పి లేదు గనుక డాక్టరు వద్దన్నారు. నొప్పి లేదు గనుక మరునాడు, మూడవనాడు షెడ్డుకు పోయి నిలుచున్నారు. మనకు కాలిలో ముల్లు గ్రుచ్చికొన్నచో కుంటుదుము, బరువు రెండవ కాలి మీద వేయుదుము, ఆ కుంటుటయే సగము వైద్యము. ఆయన కుంటలేదు. ఎడమకాలి బొటనవ్రేలి క్రింది పుండు లోనికి దిగి చీము పట్టినది. అయిదు వారములకు వ్రేలు తీసివేసినారు. ఆ వైద్యముతో కాలు దక్కినది.

కాళ్ళకే ముందు ఎందుకు వచ్చునని ఆ డాక్టరును అడిగినాము. ఆయన చెప్పినది మాకు సులభముగానే తెలిసినది. కాలివ్రేలినుండి వెన్ను వరకు వచ్చు తంతువు సుమారు ఒక మీటరు పొడవు. దానిని పోషించు కణము వెన్ను ప్రక్కన ఉన్నది. వ్రేలికొసకు కావలసిన సామగ్రి అక్కడనుండి చేరుటకు దినములు పట్టును. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా ఉన్నచో తంతువులును, వాటికి ఆహారమిచ్చు సన్నని రక్తనాళములును చెడును. లైను చెడినప్పుడు చిట్టచివరి స్టేషనుకే ముందుగా సరకు అందదు. అందుచేత మొదట కాలివ్రేళ్ళు, పిదప పాదము, మేజోడు తొడిగినంత మేర మొద్దుబారును. చాలకాలము ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు సగము మందికి ఏదో ఒక మేరకు నాడులు ఇట్లు దెబ్బతినునట. మంట వచ్చుట నాడి చెడుచున్నదని కేక. మంట పోవుట కొందరిలో ఆ కేకయు ఆగినదని గుర్తు. మేము తైలమును మెచ్చుకొన్నది అప్పుడు.

కుష్ఠువ్యాధి విషయము కూడ ఇందులోనిదే. ఆ సూక్ష్మజీవిని 1873లో నార్వేలో హాన్సన్ కనుగొన్నాడు. అది నాడులలో చేరి చర్మమును మొద్దుపరచును. అయినను వ్రేళ్ళు ఆ జబ్బుచేతనే కుళ్ళి రాలిపోవునని లోకము నమ్మినది. మన పొరుగునున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివరినుండి పనిచేసిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు రోగుల దినచర్యను దగ్గరనుండి చూచి, వ్రేళ్ళు పోవుటకు కారణము చాలవరకు తెలియని గాయములే అని చూపినాడు. కాలు కుండ పట్టుకొన్నను తెలియదు, చెప్పులో మేకు లేచినను తెలియదు. నేడు ఆ జబ్బు మందులతో పూర్తిగా కుదురును, సర్కారు ఆసుపత్రులలో మందు ఉచితము. ఒంటి మీద పాలిన మచ్చ ఉండి, అక్కడ ముట్టినది తెలియకున్నచో దాచుకొనక చూపించుకొనవలెను. దాచుకొన్నవారిని మేము ఎరుగుదుము, అంతకన్న చెప్పము.

కాలు మొద్దుబారినదా లేదా అని చూచుటకు డాక్టర్లు సన్నని నైలాను పోగును అరికాలికి ఆనించుదురు. 10 గ్రాముల బరువు పడగానే ఆ పోగు వంగును, అంతమాత్రము తెలియవలెను. సెకనుకు 128 సార్లు కంపించు శ్రుతిదండమును బొటనవ్రేలి ఎముక మీద నిలుపుదురు. మగ్గము అదురును పట్టినట్టి కాలికి ఆ దండము అదురు తెలియలేదని మా మామగారి చీటీలో మొదటి వరుసనే వ్రాసి ఉన్నది.

ఇంట చేసికొనదగినది ఒకటి ఉన్నది, ఖర్చు లేనిది. రోగిని పడుకొనబెట్టి కండ్లు మూసికొనుమనవలెను. కుడికాలి బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు. ఎడమకాలివి అట్లే మూడు. మొత్తము ఆరు కొసలు. ఒక్కొక్క కొసను చూపుడువ్రేలితో మెల్లగా, ఒకటి రెండు సెకండ్లు ముట్టవలెను. నొక్కరాదు, గోకరాదు, తట్టరాదు. తెలియగానే కుడి, ఎడమ అని చెప్పుమనవలెను. తెలియలేదని మరల ముట్టరాదు. ఆరింటిలో రెండుగాని అంతకు మించిగాని తెలియకున్నచో ఆ కాళ్ళు డాక్టరు చూడవలసిన కాళ్ళు. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అను పట్టణపు వైద్యులు 2011లో దీనిని పరీక్షించి ప్రకటించినారు. నైలాను పోగుతో చూచినదానికి దీనికి చాలవరకు సరిపోయినది. తేడా లేదని తేలినను ఏడాదికొకసారి డాక్టరుకు కాళ్ళు చూపుట మానరాదు.

ఆదివారము ఆదివారము మా మామగారికి మేము ఇది చేయుచున్నాము. ఆరు కొసలలో ఇప్పుడు అయిదే ఉన్నవి. కుడి చిటికెనవ్రేలు ముట్టినప్పుడు ఒక్కొక్కవారము "కుడి" అందురు. తక్కినప్పుడు, ముట్టి చేయి తీసిన చాలసేపటికి, "ఇంకా మొదలుపెట్టలేదా అల్లుడా?" అని అడుగుదురు. చెడిన స్పర్శ తిరిగి వచ్చునన్న ఆశ డాక్టరు ఇయ్యలేదు, చక్కెరను అదుపున ఉంచినచో ఇంకను చెడుట మందగించవచ్చునన్నారు. ప్రతిరాత్రి అత్తగారు అరికాళ్ళ క్రింద అద్దము పట్టి చూచును, చెప్పులు తొడుగుటకు ముందు లోపల చేయి పెట్టి తడవును. స్నానపు నీళ్ళు కాలితో కాక మోచేతితో చూచుకొందురు. ఈ నిరుడు గుడికి పోయినప్పుడు ఆయనకు గుడ్డ చెప్పులు కుట్టించినాము. పూజారిగారు అడ్డు చెప్పలేదు.

ఈ పూట సభ ముగిసిన పిమ్మట వెనుకవైపు చాప మీద మన డాక్టర్లు ఇద్దరు కూర్చుందుమన్నారు. నైలాను పోగు, శ్రుతిదండము తెచ్చినారు. చక్కెర జబ్బు ఉన్న పెద్దలందరును ఒక్కొక్కరుగా రావలెను. "మాకేమి నొప్పి లేదు" అనువారు ముందు వరుసలో కూర్చుండవలెనని మనవి. చెప్పులు ఎట్లును ద్వారము వద్దనే ఉన్నవి, మేజోళ్ళు ఉన్నవారు మాత్రము తీసి రండి.